పొగ తాగని తల్లులకు పొగ జబ్బు



ఆయాసంతో ఓ.పి.కి వచ్చే పెద్ద వయసు స్త్రీలను మేము తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "చుట్ట గాని, బీడీ గాని అలవాటుందా అమ్మా?" చాలామంది "ఛీ ఛీ, ఎప్పుడూ ముట్టలేదమ్మా" అంటారు. వాళ్ళు చెప్పేది నిజమే. అయినా గొట్టంలోకి గట్టిగా ఊదించి ఊపిరి బలం చూసే పరీక్ష చేస్తే, కొందరికి ఎన్నో ఏళ్ళు చుట్ట కాల్చిన మగవారికి వచ్చినట్టే ఫలితం వస్తుంది. అప్పుడు ఇంకో ప్రశ్న అడగాలి. "వంట దేని మీద చేస్తున్నావమ్మా?"

వాయు కాలుష్యం అనగానే మన వాళ్ళందరూ విశాఖపట్నం వైపు చూస్తారు. అందులో తప్పు లేదు. ఆ నగరం కొండల మధ్య గిన్నెలాగ ఉంది. ఒకవైపు సింహాచలం కొండలు, ఇంకోవైపు యారాడ కొండ. మధ్యలో ఓడరేవు, ఫ్యాక్టరీలు, లారీలు. ఓడరేవు దగ్గర బొగ్గు, ఇనుప ఖనిజం గుట్టల నుంచి లేచే దుమ్ము చుట్టుపక్కల డాబాల మీద నల్లగా పేరుకుంటుందని అక్కడ బంధువులున్న వారందరికీ తెలుసు. 2019లో కేంద్ర ప్రభుత్వం గాలిని శుభ్రపరచడానికి జాతీయ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో విశాఖపట్నం కూడా చేరింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే విషవాయువు వెలువడి 12 మంది చనిపోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. నిద్రలో ఉన్నవాళ్ళు లేచి పరుగెత్తుతూ రోడ్ల మీదే పడిపోయిన ఆ దృశ్యాలు టీవీలో చూసినవారు ఇప్పటికీ మరచిపోలేదు.

అలాంటి ప్రమాదం ఒక్క రాత్రిలో అందరి కంటా పడుతుంది. మన ఇళ్ళలో జరిగేది ఇరవై, ముప్పయ్యేళ్ళు నెమ్మదిగా జరుగుతుంది. అందుకే ఎవరూ లెక్కచేయరు.

మన చుట్టూ ఉన్న పొగలు

మన వైపు గాలి చెడిపోవడానికి కారణాలు చిన్నచిన్నవి, కాని చాలా ఉన్నాయి. రాతి క్వారీలు, క్రషర్ల దుమ్ము. అక్కడ పనిచేసే అన్నదమ్ములు ముక్కుకు జేబురుమాలు కట్టుకుంటారు గాని, సన్నని రాతి దుమ్మును గుడ్డ ఆపలేదు. ఏళ్ళ తరబడి పీల్చితే సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది. దానికి నయం చేసే మందు లేదు. చెరకు కాలంలో బెల్లం గానుగల దగ్గర పిప్పి మంట. వేసవిలో ఏజెన్సీ కొండల మీద పోడు మంటలు. వీధి చివర చెత్తకుప్పకు నిప్పు, అందులో ప్లాస్టిక్ సంచులు. భోగినాడు పాత టైర్లు. భోగి మంటకు పిడకలు, పాత కర్రలు ఉండగా టైర్లు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. రబ్బరు కాలితే వచ్చే నల్లపొగ ఆ సందులో ఉన్న ప్రతి ఉబ్బసం రోగినీ పండుగ పూట మంచాన పడేస్తుంది.

చలికాలంలో ఇది ఇంకా ఎక్కువ. లంబసింగి ఘాటు మీద మంచు కొండల మధ్య కదలకుండా నిలబడిపోవడం చూసే ఉంటారు. నేల దగ్గర చల్లగాలి, పైన వెచ్చటి గాలి మూతలాగ ఉంటే పొగ కూడా అలాగే పైకి పోలేక నిలిచిపోతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఉదయం పూట ఆయాసం ఎక్కువ కావడానికి చలి ఒక్కటే కారణం కాదన్నమాట.

పొగలో కంటికి కనిపించేది తక్కువ. దానిలోని అతి సన్నని కణాలు మన వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు ఉంటాయి. వీటిని పి.ఎం. 2.5 అంటారు. ముక్కులో వెంట్రుకలు, గొంతులో కఫం వీటిని ఆపలేవు. తిన్నగా ఊపిరితిత్తుల అడుగుకు, అక్కడినుంచి రక్తంలోకి పోతాయి. అందుకే పొగ వల్ల దగ్గే కాదు, గుండెపోటు, పక్షవాతం కూడా వస్తాయి. 24 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో ఇవి 15 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశ ప్రమాణం 60. కిటికీ లేని వంటగదిలో కట్టెలు మండుతుండగా కొలిస్తే వందల్లో ఉంటుంది. ఆ వందల మధ్య కూర్చుని ఊదుగొట్టంతో ఊదేది ఇంటి ఇల్లాలు. ఆమె ఒడిలో పసిబిడ్డ.

గ్యాస్ పొయ్యి ఉంది కదా అంటారు

ఉంది. 1999లో దీపం పథకం కింద డ్వాక్రా మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. 2016లో ఉజ్వల వచ్చింది. 2024 నవంబరులో దీపం-2 కింద అర్హులైన కుటుంబాలకు ఏడాదికి 3 సిలిండర్లు ఉచితంగా ఇవ్వడం మొదలైంది. ఇవన్నీ మంచి పనులే. కాని చాలా ఇళ్ళలో గ్యాస్ మీద టీ, పిల్లల క్యారేజీ కూర అవుతాయి. అన్నం డేగిసా, స్నానాల నీళ్ళ కాగు, పశువుల కుడితి కట్టెల పొయ్యి మీదే. సగం పొగ తగ్గినా లాభమే గాని, నీళ్ళ పొయ్యిలో వేసేది చాలాసార్లు పచ్చి కర్రలు, తాటి కమ్మలు, అట్టపెట్టెలు, పాల కవర్లు. అంటే అన్నిటికంటే చెడ్డ పొగ అక్కడే పుడుతుంది. జీడిపిక్కల తొక్కలు మాత్రం ఎవరూ పొయ్యిలో పెట్టకండి. ఆ జీడి నూనె పొగ కళ్ళను, చర్మాన్ని మండిస్తుంది.

ఇందులో ఆడవాళ్ళను తప్పు పట్టడం నాకు ఇష్టం లేదు. సిలిండరు ఎప్పుడు తేవాలో, డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో చాలా ఇళ్ళలో నిర్ణయించేది వారు కాదు. "కట్టెల పొయ్యి అన్నమే రుచి" అనేది కూడా ఎక్కువగా పొయ్యి దగ్గర కూర్చోని వారే. అయ్యా, ఈ పేజీ మీరు కూడా చదువుతున్నారు కాబట్టి అడుగుతున్నాను. నీళ్ళ పొయ్యిని వంటగదిలో నుంచి పెరట్లోకి, పైన కప్పు ఉండి నాలుగు పక్కలా గాలి ఆడే చోటుకి మార్చడానికి ఒక పూట పని చాలు. ఇంట్లోనే ఉంచక తప్పకపోతే కప్పు దాటి పైకి పోయే పొగగొట్టం పెట్టించండి. వానాకాలానికి ముందే కర్రలు ఎండబెట్టి తడవకుండా దాయండి.

ఇంటి పొగ వల్ల 2020 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టింది. వారిలో 2 లక్షల 37 వేల మందికి పైగా ఐదేళ్ళలోపు పిల్లలు. పొగ ఉన్న ఇంట్లో పసిపిల్లలకు నిమోనియా వచ్చే అవకాశం దాదాపు రెట్టింపు. గర్భిణి పీల్చితే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఆమె రక్తంలో ప్రాణవాయువు చోటును ఆక్రమిస్తుంది. బిడ్డకు అందేది తగ్గి, తక్కువ బరువుతో పుడుతుంది. పెద్దవాళ్ళకు సి.ఓ.పి.డి. అనే ఆయాసం జబ్బు, కంటి శుక్లాలు, ఊపిరితిత్తుల క్యాన్సరు. మన ఉత్తరాంధ్ర తీరంలో కొందరు పెద్దమ్మలు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాలుస్తారు. ఆ వేడికి, పొగకు అంగిలి మీద తెల్లమచ్చలు, పుండ్లు వచ్చి క్యాన్సరుగా మారవచ్చు. అలాంటి మామ్మ మీ ఇంట్లో ఉంటే ఒకసారి నోరు చూపించండి.

బాలింత గది

మెటర్నిటీ వార్డు నుంచి ఇంటికి పంపేటప్పుడు మా సిస్టర్లు చెప్పే మాటల్లో అమ్మమ్మలకు నచ్చని మాట ఇది. బిడ్డకు స్నానం చేయించాక సాంబ్రాణి పొగ పట్టవద్దు. "మేమందరం అలా పెరిగినవాళ్ళమే కదా" అంటారు. నిజమే, కాని అప్పుడు దగ్గు, నిమోనియాతో పోయిన పిల్లలు ఎందుకు పోయారో ఎవరూ అడగలేదు. పుట్టి పది రోజులైన బిడ్డ ఊపిరితిత్తులకు సాంబ్రాణి పొగ అయినా కట్టెల పొగ అయినా ఒకటే. మెత్తని పొడిగుడ్డతో తల తుడిచి, తల్లి గుండెలకు హత్తుకుంటే వెచ్చదనం వస్తుంది.

మంచం కింద నిప్పుల కుంపటి అంతకంటే ప్రమాదం. చలి అని తలుపులు బిగించిన గదిలో బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి రంగు, వాసన ఉండవు. తలనొప్పి, వాంతి, మత్తు వస్తాయి. నిద్రలో ఉన్నవారు లేవకపోవచ్చు. లంబసింగి వెళ్ళి గుడారాల్లో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకునే కుర్రాళ్ళకూ ఇదే వర్తిస్తుంది.

దోమల కాయిల్ సంగతి కూడా చెప్పాలి. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నని కణాలు 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లో ఒక పరిశోధన తేల్చింది. మలేరియా ఉన్న మన ప్రాంతంలో దోమలను వదిలేయమని ఎవరూ చెప్పరు. దోమతెర కట్టండి, దాని అంచులు పరుపు కిందికి దోపండి.

ఆయాసం ఉన్నవారికి

మూడు నెలలుగా దగ్గు, గళ్ళ, మెట్లు ఎక్కితే ఆయాసం ఉంటే "వయసు కదా" అని ఊరుకోకండి. దగ్గు రెండు వారాలు దాటితే ముందుగా టి.బి. కోసం కఫం పరీక్ష చేయించాలి. సి.ఓ.పి.డి. అని తేలితే పాడైన భాగం తిరిగి రాదు గాని, పొగ మాని, మందు సరిగా వాడితే ఉన్న ఊపిరిని కాపాడుకోవచ్చు. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని భయపడి మానేసేవారు చాలామంది. అది మాత్రకంటే తక్కువ మోతాదులో మందును తిన్నగా ఊపిరితిత్తులకు పంపుతుంది. వాడాక నోరు పుక్కిలించాలి, అంతే.

తల్లులు ఒక లెక్క నేర్చుకోవాలి. బిడ్డ నిద్రలో గాని నెమ్మదిగా ఉన్నప్పుడు గాని చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది వరకు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ వరకు 40. అంతకు చేరినా, దాటినా నిమోనియా కావచ్చు. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదవులు నీలమైనా లెక్క కూడా అక్కరలేదు. నాటు మందు, వాము పొగ అంటూ తెల్లవారే వరకు ఆగకుండా రాత్రయినా తీసుకురండి. వచ్చేటప్పుడు అంతకుముందు వాడిన మందుల సీసాలు, చీటీ సంచిలో వేసుకురండి.