బస్తర్ పట్టాలకు ఏ కంప్యూటర్ భాష?

ఇనుప ఖనిజం రైళ్లతో విశాఖ రేవుకు ముడిపడిన దంతెవాడ జిల్లా ఇటీవల మరో కారణంగా వార్తల్లోకి వచ్చింది. బస్తర్ డివిజన్‌లోని ఈ గిరిజన జిల్లాలో 1950ల నాటి నుంచి ఉన్న ఏడు లక్షలకు పైగా భూమి రికార్డులను 2024-25లో అవలాంచ్ అనే బ్లాక్‌చెయిన్‌కు అనుసంధానించారు. నకిలీ పత్రాలను అరికట్టడం దీని ఉద్దేశం.

బ్లాక్‌చెయిన్ అంటే అనేక కంప్యూటర్లలో ఏకకాలంలో నిర్వహించే చిట్టా. సాధారణంగా ఇందులో పత్రానికి బదులు దాని డిజిటల్ ముద్రను భద్రపరుస్తారు. పత్రంలో ఒక్క అక్షరం మారినా ముద్ర సరిపోలదు.

దీని తదుపరి మెట్టు స్మార్ట్ కాంట్రాక్ట్. నిర్ణీత షరతులు నెరవేరగానే తనంతట తానే అమలయ్యే ప్రోగ్రామ్ ఇది. భూమి బదిలీలకు దీనిని వినియోగించదలిస్తే ఏ భాషలో రాయాలన్న ప్రశ్న తలెత్తుతుంది.

2015లో ఆరంభమైన ఇథీరియమ్‌తో ప్రాచుర్యం పొందిన సాలిడిటీ అవలాంచ్‌పై కూడా పనిచేస్తుంది. అది తెలిసిన ప్రోగ్రామర్లు సులభంగా దొరుకుతారు. అయితే 2016లో ఆ భాషలోనే రాసిన డీఏఓ నిధి కాంట్రాక్టులోని లోపం వల్ల దాదాపు 36 లక్షల ఈథర్ నాణేలు దారి మళ్లాయి. భద్రతే లక్ష్యంగా వచ్చిన వైపర్ భాషకూ దెబ్బ తగిలింది. దాని కంపైలర్ పాత కూర్పుల్లోని లోపం కారణంగా 2023 జూలైలో కర్వ్ సంస్థ నిధుల నుంచి కోట్లాది డాలర్లు తరలిపోయాయి. ఫేస్‌బుక్ లిబ్రా పథకంలో పుట్టిన మూవ్ భాష డిజిటల్ ఆస్తికి నకలు సృష్టించడాన్ని భాషాస్థాయిలోనే నిరోధిస్తుంది. కానీ దానిలో అనుభవజ్ఞులు తక్కువ.

మదుపరుల ఉత్సాహం ఈ లెక్కలతో నిమిత్తం లేకుండా సాగుతోంది. అవలాంచ్ నాణెం ధర 2021 నవంబరులో సుమారు 145 డాలర్లకు ఎగబాకి, 2022 ముగిసేసరికి 11 డాలర్ల సమీపానికి పడిపోయింది. ఇటువంటి లాభాలపై 2022 ఏప్రిల్ నుంచి మన దేశంలో 30 శాతం పన్ను విధిస్తున్నారు. నాణెం ధర పెరిగినంత మాత్రాన పట్టా భద్రమైందని కాదు; పడిపోయినంత మాత్రాన పట్టా చెల్లదనీ కాదు.

బస్తర్‌కు సంబంధించి అసలు చిక్కు వేరే ఉంది. గిరిజనుల నుంచి మోసంతో పొందిన భూమిని విచారణ జరిపి తిరిగి ఇప్పించేందుకు 1959 నాటి భూమి రెవిన్యూ కోడ్‌లోని 170-బి సెక్షన్ వీలు కల్పిస్తోంది. అంటే రికార్డును సవరించే అవకాశం ఉండితీరాలి. మార్చరానిదన్న కీర్తి బ్లాక్‌చెయిన్‌కు బలమే అయినా, తప్పుడు నమోదు ఒకసారి చేరితే అదే కీర్తి పేద రైతుకు ప్రతిబంధకం కాగలదు.

కనుక భాష ఏదైనా మూడు జాగ్రత్తలు తప్పవు: అమలుకు ముందే స్వతంత్ర తనిఖీ, లోపం కనబడితే నిలిపివేసే వీలు, న్యాయాధికారి ఉత్తర్వుతో కొత్త నమోదు చేర్చే ఏర్పాటు. ఈ మూడూ లేనినాడు కాగితంపై ఉన్న మోసమే కంప్యూటరులోకి చేరుతుంది.