అతుకులో నానో గొట్టాలు

పగిలిన ప్లాస్టిక్ బక్కెట్‌కు కాల్చిన ఇనుప కడ్డీతో అతుకు వేయడం మన హాస్టల్లో అందరికీ తెలిసిన విద్యే. నాలుగు రోజులు నీళ్లు మోశాక అది మళ్లీ ఊడేది కూడా ఆ అతుకు దగ్గరే. విమానాలు తయారుచేసే ఇంజనీర్లకూ ఇదే చిక్కు అంటే నమ్ముతారా?

బోయింగ్ 787 విమానం బరువులో దాదాపు సగం కాంపోజిట్లే. అంటే సన్నని కార్బన్ పోగులను ప్లాస్టిక్‌లో పొదిగి చేసినవి. ఆ ప్లాస్టిక్ ఎపాక్సీ అయితే గట్టిపడ్డాక ఇక కరగదు. పీక్ వంటి థర్మోప్లాస్టిక్ అయితే 343 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది కనుక వెల్డింగ్ చేయవచ్చు. రివెట్లు కొట్టాలంటే రంధ్రాలు చేయాలి, రంధ్రం పడిన చోటల్లా బలాన్నిచ్చే పోగులు తెగుతాయి. వెల్డింగ్‌కు ఆ బాధ లేదు. 2005లో తొలిసారి ఎగిరిన ఎయిర్‌బస్ ఎ380 రెక్క ముందు అంచును గాజు పోగుల థర్మోప్లాస్టిక్‌తో చేసి, ఇలాగే అతికారు. రెండు భాగాల నడుమ స్టీలు జాలీ పెట్టి కరెంటు పంపితే, అది హీటర్ కాయిల్‌లా వేడెక్కి ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. రెండు వైపుల అణువుల గొలుసులు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయి, చల్లారాక పెనవేసుకుని నిలుస్తాయి.

కానీ ఆ జాలీ అతుకులోనే ఉండిపోతుంది. పోగులేమో అతుకును దాటి అవతలికి పోవు. నడుమ ఉన్నది ఉత్త ప్లాస్టిక్ పొర. పగులు మొదలైతే దానికి అడ్డేదీ ఉండదు.

అందుకే ఆ పొరలో కార్బన్ నానో గొట్టాలు కలిపి చూస్తున్నారు. 1991లో జపాన్ శాస్త్రవేత్త సుమియో ఇజిమా వీటి గురించి ప్రకటించాక ప్రపంచం దృష్టి వీటిపై పడింది. మట్టిగోడకు గడ్డి కలిపినట్టే ఇది. పగులు తెరుచుకోబోతే గొట్టాలు రెండు ఒడ్డులనూ పట్టి ఉంచుతాయి. వాటిని పీకడానికే చాలా శక్తి ఖర్చవుతుంది. పైగా అవి కరెంటును పోనిస్తాయి కాబట్టి ఆ పొరనే హీటర్‌గా వాడి, జాలీని మానేసే వీలుంది.

ఎక్కువ వేస్తే ఎక్కువ బలం అనుకోకండి. పెయింటు డబ్బా మీద 'నానో' అనే మాట చూసి మురిసిపోయే వారికి ఇది ముఖ్యంగా చెబుతున్నాం. గొట్టాలు ఒకదానికొకటి అంటుకుని, సరిగా కలపని రాగి జావలా ఉండలు కడతాయి. ఉండ ఉన్నచోటే పగులు పుడుతుంది. మోతాదు మించితే కరిగిన ప్లాస్టిక్ చిక్కబడి సరిగా పారదు, లోపల బుడగలు మిగులుతాయి. ఎంత వేశామన్న దానికంటే ఎంత సమంగా కలిపామన్నదే అసలు పని.

మాకు అన్నిటికంటే నచ్చింది మరొకటి. అతుకు లోపలి పగులు కంటికి కనబడదు. గొట్టాలున్న పొరలో పగులు పుడితే కరెంటు దారులు తెగి రెసిస్టెన్స్ పెరుగుతుంది. వైర్లు తగిలించి దాన్ని కొలుస్తూ ఉంటే, అతుకు ఊడకముందే సంగతి బయటపడే అవకాశం ఉంది. మనం ల్యాబ్‌లో మార్కుల కోసం చేసే ఓమ్ నియమం ప్రయోగమే ఇది!