గినీ పందులలో నేత్రగాయాలు: గుర్తింపు, ప్రథమ చికిత్స

గినీ పంది కళ్లు తలకు ఇరుపక్కలా ఉబ్బెత్తుగా ఉంటాయి. అందువల్ల మేస్తున్నప్పుడు ఎండుగడ్డి పరక గుచ్చుకొని, కార్నియా అనే పారదర్శక పొర గాయపడే అవకాశం ఎక్కువ. ముఖం శుభ్రపరచుకొనేటప్పుడు కంటినుండి పాలవంటి ద్రవం స్రవించడం ఈ జీవికి సహజం. దానిని వ్యాధిగా భావించరాదు. కన్ను తెరవలేకపోవడం, ఎడతెగక నీరు కారడం, గుడ్డుపై మసక కమ్మడం మాత్రం గాయసూచనలు.

అట్టి స్థితిలో శుద్ధమైన సెలైన్‌తో కంటిని మృదువుగా కడగవచ్చు. లోతుగా గుచ్చుకొన్న పరకను లాగరాదు. ఇంట మిగిలిన చుక్కలమందు వాడరాదు. అందులో స్టెరాయిడ్ ఉంటే పుండు మానక మరింత లోతవుతుంది. పశువైద్యుడు ఫ్లోరసీన్ రంగు వేసి పరీక్షించినప్పుడు పుండుపడిన చోటు ఆకుపచ్చగా మెరుస్తుంది.

నొప్పివల్ల మేత మానితే పేగుల కదలిక మందగించి ప్రాణాపాయం ఏర్పడుతుంది. కనుక కంటితోపాటు మేతనూ గమనించి, ఆనాడే వైద్యుని సంప్రదించడం అవసరం.