యంత్రపాదమునకు వాయుబలము

డీన్ కామెన్ అను అమెరికా యంత్రశిల్పి 1989లో నెలకొల్పిన ‘ఫస్ట్’ అను సంస్థ, ఉన్నత పాఠశాలల విద్యార్థులకై ఏటేట ఒక నూతన క్రీడను కల్పించి, దానిని ఆడజాలిన రోబోను నిర్మించి తెండని పిలుచుట ఆచారము చేసికొన్నది; 2019 వరకు అందుకు గడువు ఆరు వారములు. 2010 జనవరిలో ప్రకటింపబడిన ‘బ్రేక్‌అవే’ అను క్రీడ, ఫుట్‌బాల్ ఆటకు యంత్రరూపము. 54 అడుగుల పొడవును 27 అడుగుల వెడల్పును గల ఆటస్థలమును రెండు అడ్డుగట్లు మూడు భాగములుగా విభజించెను, మూలలయందు గోలులు, పక్షమునకు మూడేసి రోబోలు, బంతి మాత్రము మనుష్యులు ఆడెడి అయిదవ నెంబరు బంతియే. బంతిని మూడంగుళములకు మించి యంత్రగర్భమున చొరనీయరాదనియు, ఎత్తుకొని పోరాదనియు నియమము. కావున గట్టునకు ఆవలనున్న స్నేహితయంత్రమునకు బంతిని అందింపవలెనన్న, దానికొక కాలును అమర్చి తన్నింపవలసినదే.

ఆ కాలును కదలించుటకు అనేక జట్లు సంపీడిత వాయువును ఆశ్రయించినవి. ఈ శక్తికి గొప్ప వంశచరిత్ర కలదు. ఆల్ప్స్ పర్వతములలో మాం సెనీ సొరంగమును తొలిచిన యంత్రములు దానితోనే పనిచేసినవి. 1869లో వెస్టింగ్‌హౌస్ అను యంత్రశిల్పి రైళ్లకు కూర్చిన బ్రేకులకును అదియే ప్రాణము. మోటారు తన బలమును నిలకడగా ఇచ్చును గాని ఒక్క క్షణమున కుమ్మరింపజాలదు. గాలియో, రెండు తన్నుల నడుమ దొరికిన విరామమున చిన్న కంప్రెసరుచే ట్యాంకులో నింపబడి, అవసరమునకై వేచియుండును. నియమముల ప్రకారము ట్యాంకులో చదరపు అంగుళమునకు 120 పౌన్ల ఒత్తిడి వరకు నిలువ చేయవచ్చును గాని, పనిచేయు సిలిండరునకు 60 పౌన్లకు మించి పంపరాదు.

ఇక లెక్కకు వత్తము. ఒకటిన్నర అంగుళముల వ్యాసమును ఎనిమిదంగుళముల నడకయు (అనగా పిస్టను కదలు దూరమును) గల సిలిండరును తీసికొన్నచో, 60 పౌన్ల ఒత్తిడి దాని పిస్టను మీద సుమారు 106 పౌన్ల బలమును చూపును. నడక పూర్తియగునప్పటికి జరిగిన పని రమారమి 95 జౌళ్లు. నాలుగు వందల ముప్పది గ్రాముల బంతి సెకనుకు 8 మీటర్ల వేగముతో ఎగిరిపోవుటకు కావలసినది 14 జౌళ్లు మాత్రమే. ఆ వేగముతో సరియైన కోణమున లేచిన బంతి ఆరు మీటర్లకు పైబడి పోవును గనుక, 18 అడుగుల భాగమొకటి దాటుట సుకరము. కాగితముపై బలము ఏడింతలు మిగిలియున్నది. అయినను, ఈ లెక్కను నమ్మి, సిలిండరునకు వాల్వు తగిలించి మీట నొక్కినచో, కాలు నెమ్మదిగా సాగి బంతిని నెట్టును గాని తన్నదు.

లోపము బలములో లేదు, కాలములో ఉన్నది. ఎనిమిదంగుళముల నడకలోనే కాలు ఆ వేగమును అందుకొనవలెనన్న, నడక అంతయు సెకనులో ఇరువదవ వంతున ముగియవలెను. ఆ స్వల్పకాలములో సిలిండరు పూర్తి ఒత్తిడితో నిండుటకు, బయటి గాలి కొలతలో చెప్పినచో, లీటరునకు పైబడిన వాయువు లోనికి పోవలెను. అనగా నిమిషమునకు 1,400 లీటర్ల ప్రవాహము! పోటీ నియమములు అనుమతించిన చిన్న వాల్వు అందులో కొంత భాగమునే పోనిచ్చును. వెనుక ఎంత తొందర ఉన్నను, ఇరుకైన ద్వారమున గాలి ధ్వనివేగమును మించి పరుగెత్తదు. ఇది చాలదన్నట్లు, పిస్టనుకు ముందువైపున ఉన్న గాలి మరియొక ఇరుకు ద్వారమున వెలికి పోవలసియుండుటచే, అదియు ఎదురు నిలిచి వేగమును హరించును. బలమునకును, బలమును వినియోగించు త్వరకును గల భేదము పాఠ్యపుస్తకమున ఒక నిర్వచనముగా చదివిన విద్యార్థికి, ఇక్కడ కదలని బంతియే దానిని బోధించును. ఈ యంత్రచరిత్రలో నాకు మిక్కిలి విలువైనదిగా తోచునది ఈ ఘట్టమే.

దీనికి పరిష్కారము మన విలుకాండ్రెరిగినదే: నారిని నింపాదిగా లాగి, బాణమును ఒక్కసారిగా విడుచుట. కాలును వెనుకకు లాగి ఒక కొక్కెముతో బంధింతురు. సిలిండరు వెనుక గదిలోనికి గాలిని తీరికగా నింపుదురు. ముందరి గదిని ముందుగానే ఖాళీ చేసి బయటి గాలికి తెరచియుంచుదురు. పిమ్మట కొక్కెమును వదలినచో, వాల్వుతో పనిలేకయే, లోపల సిద్ధముగా నిలిచిన గాలి కాలును విసరివేయును. అయితే పిస్టను ముందుకు సాగినకొలది గాలి వ్యాకోచించి ఒత్తిడి తగ్గును. బాయిలు సూత్రము ఇక్కడను తప్పదు. అందుచే వాల్వునకును సిలిండరునకును నడుమ, వెడల్పైన గొట్టముతో, ఒక చిన్న ట్యాంకును సిలిండరునకు చేరువగా అమర్చుట యుక్తము.

కొక్కెము వర్ణించుటకు సులభము, నిర్మించుటకు కష్టము. నూరు పౌన్ల లాగుడులో నున్న దానిని జార్చుటకు ఘర్షణను జయింపవలెను; అందుకై మరియొక బుల్లి సిలిండరునో, కీళ్లు తిన్ననైన స్థితిని కొంచెము దాటి తనంత తానే బిగిసికొను లంకెనో ఉపయోగింతురు. కాలి కొన బంతి మధ్యరేఖకు కొంచెము దిగువన తగిలిన బంతి లేచును, నడుమ తగిలిన నేలవెంట దొరలును. తన్నిన పిదప మిగిలిన ఊపును మ్రింగుటకు రబ్బరు దిండు లేనిచో, పిస్టను సిలిండరు మూతనే మోదుకొని చెడును.

కొన్ని జట్లు సాగెడి రబ్బరు గొట్టములను కాలికి బిగించి, వానిని వెనుకకు లాగుటకు మాత్రమే సిలిండరునో మోటారునో వాడినవి. అదియు మంచి ఉపాయమే. కాని గాలియందు ఒక సౌలభ్యము కలదు: ఒత్తిడి నియంత్రకపు మరను సవరించినంతనే తన్ను బలము మారును.

ఇట్టి యంత్రమును కట్టబూనిన విద్యార్థులకు ఒక్క విన్నపము. ట్యాంకుపై నున్న కొలమానపు ముల్లు సున్న చూపినంత మాత్రమున కాలు నిర్జీవమైనదని తలపవలదు. మూసిన వాల్వుకు ఆవల సిలిండరులో చిక్కిన గాలి కొక్కెము వెనుక ఇంకను కాచుకొనియుండవచ్చును. ఆ గాలిని కూడ వెలికి పంపగల మీట నొకదానిని చేతికందునట్లు అమర్చి, దానిని తెరచిన తరువాతనే కాలి దరికి చేయి చాపుడు.