మందు వాడినా తగ్గని రికెట్స్: ఫాస్ఫరస్ పరీక్ష చేయించారా?



తనకల్లులో ఎండకు కొదవ లేదు. చాలా ఇళ్లలో రాగి సంగటీ ఉంటుంది. అయినా కొందరు పిల్లలకు దొడ్డికాళ్లు వస్తాయి, మణికట్లు ఉబ్బుతాయి, మెట్లెక్కడం కష్టమవుతుంది. వెంటనే మనం డి విటమిన్ లోపమనో, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ అనో అనుకుంటాం. చాలాసార్లు అది నిజమే కావచ్చు. కానీ అరుదుగా అసలు కారణం ఒంట్లో దాగిన చిన్న కణితి.

ఎలా జరుగుతుంది?

ఎముక గట్టిపడాలంటే కాల్షియంతో పాటు ఫాస్ఫరస్ కావాలి. ఈ కణితి ఎఫ్‌జీఎఫ్-23 అనే హార్మోన్‌ను అతిగా విడుదల చేస్తుంది. దాంతో కిడ్నీలు ఫాస్ఫరస్‌ను మూత్రంలోకి వదిలేస్తాయి. అప్పుడు మామూలు డి విటమిన్ ఎంత ఇచ్చినా చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే.

1959లో స్విట్జర్లాండ్ వైద్యుడు ఆండ్రియా ప్రేడర్ బృందం రికెట్స్ ఉన్న పదకొండేళ్ల పాప గురించి రాసింది. ఆమె పక్కటెముకలోని కణితి తీసేశాక రికెట్స్ నయమైంది. ఆ హార్మోన్ సంగతి 2001 ప్రాంతంలో గానీ తేలలేదు.

మీరు చేయాల్సినవి

• రెండేళ్లలోపు కాళ్లు కాస్త వంగి ఉండటం చాలామందిలో సహజమే. ఆ తర్వాతా వంకర పెరుగుతుంటే డాక్టరుకు చూపించండి.

• డాక్టరు చెప్పినట్టు మూడు నెలలు మందులు వాడినా మార్పు లేకపోతే, రక్తంలో ఫాస్ఫరస్ పరీక్ష గురించి అడగండి. సొంతంగా డి విటమిన్ డోసు పెంచకండి. అతిగా వాడితే కిడ్నీలకు ముప్పు.

• ల్యాబ్ రిపోర్టులో పెద్దల కొలత (సుమారు 2.5 నుంచి 4.5) మాత్రమే ఉండొచ్చు. బడి వయసు పిల్లలకు సుమారు 4 నుంచి 6 ఉండాలి. కాబట్టి 3 వస్తే ‘నార్మల్’ అని వదిలేయకండి.

• ఫాస్ఫరస్ తక్కువగా ఉంటే పిల్లల్లో ఎక్కువగా అది వంశపారంపర్యం. అయితే ఇంట్లో ఎవరికీ లేకుండా, అప్పటిదాకా చక్కగా పరుగెత్తిన బిడ్డకు మొదలైతే కణితి కోసం వెతకాలి. ఇందుకు గాలియం పెట్ స్కాన్ సాయపడుతుంది. వేలూరు సీఎంసీ వంటి పెద్దాసుపత్రుల ఎండోక్రైన్ విభాగాలకు ఇందులో అనుభవం ఉంది.

కణితి అనగానే భయపడకండి. ఇవి చాలావరకు క్యాన్సర్ కావు. పూర్తిగా తీసేస్తే కొద్ది రోజుల్లోనే ఫాస్ఫరస్ పెరుగుతుంది, నెలల్లో ఎముకలు గట్టిపడతాయి.

మీ బిడ్డ ఆటల పీరియడ్‌లో పక్కన కూర్చుంటున్నట్టు టీచర్ చెబితే బద్ధకమని కోప్పడకండి. ముందు కాళ్లు చూడండి.