కారుకు కూడా ‘టెంపర్డ్ గ్లాస్’ వేయించాలా? రొళ్ల రోడ్డు మీద మామ నేర్పిన లెక్క

కారు కొన్న తొమ్మిదో రోజు. మడకశిర నుంచి రొళ్లకు వస్తున్నాం. స్టీరింగ్ మా మామ చేతిలో, పక్క సీట్లో నేను. ముందు ఒక కంకర లారీ. సందు దొరికితే దాటేద్దామని మామ దాని వెనకే అతుక్కుని పోతున్నాడు. ‘టక్’ మని చిన్న శబ్దం. అంతే.

ఇంటికొచ్చి చూస్తే బానెట్ ముందు అంచున మిరియపు గింజంత మచ్చ. పైన రంగు ఎగిరిపోయి లోపల బూడిద రంగు కనిపిస్తోంది. మామ వేలితో తడిమాడు. తడిగుడ్డతో తుడిచాడు. పోలేదు.

‘‘ఏమప్పా ఇది! ఇంకా మొదటి ఈఎంఐ కూడా కట్టలేదే...’’ అన్నాడు. ఆ గొంతు విన్నాక నాకు నవ్వు రాలేదు. వక్కతోట మీద వచ్చిన డబ్బు కొంత, బ్యాంకు లోను కొంత కలిపి కొన్న కారు అది. మా ఇంట్లో అదే మొదటి కొత్త కారు.

రాత్రికల్లా ఎవరో మామకు వాట్సాప్‌లో వీడియో పంపారు. కారు మీద తాళం చెవితో గీరుతున్నారు, వేడి నీళ్లు పోస్తున్నారు, గీత మాయం! మామ నన్ను పిలిచి, ‘‘ఒరేయ్ అల్లుడూ, దీన్ని పీపీఎఫ్ అంటారంట. కారంతా వేస్తే లక్ష దాటుతుందంట. వేయించాలా, వద్దా? నువ్వే చూసి చెప్పు’’ అన్నాడు.

లక్ష రూపాయలంటే మామకు కొన్ని నెలల ఈఎంఐ. అందుకే ఈ సంగతి కొంచెం సీరియస్‌గానే తిరగేశాను. మీ ఇంట్లోనూ ఇదే చర్చ నడుస్తుంటే, ఇది మీ కోసమే.

కార్ల ఊరి పక్కనే ఉన్నాం కదా!

మన పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోనే కియా ఫ్యాక్టరీ ఉంది. 2017లో ఒప్పందం కుదిరింది. 2019 జనవరిలో ట్రయల్ ప్రొడక్షన్ మొదలైంది. అదే ఏడాది ఆగస్టులో సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది. ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యంతో కట్టిన ప్లాంటు అది. ఒకప్పుడు వేరుశనగ చేలు, కరువు కబుర్లే వినిపించిన ఈ ప్రాంతంలో ఇప్పుడు కుర్రాళ్లు టీ బంకు దగ్గర వేరియంట్లు, సన్‌రూఫ్‌ల గురించి వాదించుకుంటున్నారు.

అయితే ఎక్కడ తయారైన కారుకైనా పెయింట్ సంగతి ఒక్కటే. అది మనం అనుకునేంత మందం ఉండదు.

ఫ్యాక్టరీలో కారు బాడీని ముందు పెద్ద తొట్టిలో ముంచి, కరెంటు సాయంతో తుప్పు పట్టకుండా ఒక పొర అంటిస్తారు. దాని మీద ప్రైమర్. ఆపైన మనకు కనిపించే రంగు, అంటే బేస్ కోట్. అన్నిటికన్నా పైన మెరుపునిచ్చే క్లియర్ కోట్. ఇవన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లే. మన తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. అంటే మీ కారు రంగంతా రెండు వెంట్రుకల మందం! అందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్ల దగ్గరే ఉంటుంది.

మామ కారు మీద కనిపించిన ఆ బూడిద రంగు ప్రైమర్. రాయి రేకు దాకా పోలేదు. పోయుంటే అక్కడ తుప్పు మొదలయ్యేది. అదొక్కటే మామకు నేను చెప్పిన మొదటి మంచి మాట.

హెలికాప్టర్ నుంచి కారు దాకా

పీపీఎఫ్ అంటే పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్. ఫోన్ స్క్రీన్‌కు గార్డు ఎలాగో, కారు రంగుకు ఇది అలాగ. దీని పుట్టుక మాత్రం కార్ల షోరూంలో కాదు. వియత్నాం యుద్ధ కాలంలో అమెరికా సైన్యానికి ఒక తలనొప్పి ఉండేది. హెలికాప్టర్లు దిగినప్పుడు, లేచినప్పుడు ఎగిరే ఇసుక, రాళ్లు రెక్కల అంచుల్ని తినేసేవి. వాటిని కాపాడడానికి 3ఎం కంపెనీ తయారుచేసిన పాలియురేథేన్ ఫిల్మే దీనికి తాత. తర్వాత రేసు కార్లకు వచ్చింది, ఆ తర్వాత మామూలు కార్లకు.

ఇప్పుడు మంచి ఫిల్మ్‌లన్నీ టీపీయూ, అంటే థర్మోప్లాస్టిక్ పాలియురేథేన్‌తో చేసినవే. మందం మామూలుగా 150 నుంచి 200 మైక్రాన్లు. అంటే కారు పెయింట్ కంటే దాని మీద వేసే ఫిల్మే ఎక్కువ మందం. కింద జిగురు పొర, మధ్యలో టీపీయూ, పైన సన్నటి టాప్ కోట్. రాయి తగిలినప్పుడు టీపీయూ రబ్బరులా కాస్త లొంగి, ఆ దెబ్బను తను తీసుకుంటుంది. పెయింట్ దాకా రానివ్వదు.

మరి వీడియోలో గీతలు మాయం కావడం? అబద్ధం కాదు. టాప్ కోట్‌కు సాగే గుణం ఉంటుంది. వేడి తగలగానే తన పాత ఆకారానికి తిరిగొస్తుంది. మన మే నెల ఎండలో కారు నిలబెట్టినా చాలు, సన్న గీతలు వాటంతటవే సర్దుకుంటాయి. కానీ ఇది సన్న గీతలకే. ఫిల్మ్‌ను చీల్చుకుని లోపలికి దిగిన గీతను ఏ వేడినీళ్లూ మాన్పలేవు. గేటుకు రాసుకుంటే, బండి గుద్దితే పీపీఎఫ్ చేతులెత్తేస్తుంది. సొట్ట సొట్టే.

సెరామిక్ కోటింగూ ఇదీ ఒకటేనా?

కానే కాదు. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఈ అయోమయంలోనే.

సెరామిక్ కోటింగ్ ద్రవ రూపంలో పూసేది. ఆరాక మిగిలే పొర మందం ఒకట్రెండు మైక్రాన్లు. మెరుపు పెరుగుతుంది, నీళ్లు బొట్లు బొట్లుగా జారిపోతాయి, దుమ్ము సులువుగా కడిగేయొచ్చు. కానీ లారీ టైరు విసిరిన రాయిని ఆ పొర ఆపలేదు. రాళ్ల కోసమైతే పీపీఎఫ్, కడగడం తేలిక కావాలంటే సెరామిక్. ‘సెరామిక్ వేయించుకోండి సార్, రాయి తగిలినా ఏం కాదు’ అని ఎవరైనా అంటే, మర్యాదగా నవ్వి బయటికొచ్చేయండి.

మన ప్రాంతంలో అసలు శత్రువులు ఎవరు?

దేశంలో వాన బాగా తక్కువ పడే ప్రాంతాల్లో మనదొకటి. దుమ్ము ఎక్కువ, ఎండ ఎక్కువ. దీనికి తోడు మన అలవాట్లు.

ఒకటి, పొడిగుడ్డతో తుడవడం. పొద్దున్నే లేచి దుమ్ము పట్టిన కారును పొడి బట్టతో రుద్దుతాం. ఆ దుమ్ములో ఇసుక ఉంటుంది. అది బట్ట కింద గరుకు కాగితంలా పనిచేస్తుంది. ఎండలో చూస్తే సాలెగూడులా కనిపించే గీతలన్నీ మనం చేతులారా గీసినవే. ముందు నీళ్లు పోసి దుమ్మంతా జారిపోయాకే గుడ్డ ముట్టుకోవాలి.

రెండు, బోరు నీళ్లు. మన బోర్లలో ఉప్పులు ఎక్కువ. కారు కడిగి ఎండలో అలా వదిలేస్తే నీళ్లు ఆవిరై తెల్ల మచ్చలు మిగులుతాయి. పీపీఎఫ్ మీద కూడా ఇవి పడతాయి. కడిగిన వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో తడి ఆర్పడమే మందు.

మూడు, చెట్టు నీడ. చింతచెట్టు కింద చల్లగా ఉంటుందని పెడతాం. పైనుంచి పిట్టల రెట్టలు, చెట్టు జిగురు. రెట్ట ఎండలో ఉడికితే క్లియర్ కోట్‌ను తినేస్తుంది. కనపడగానే తడిపి, నానబెట్టి తీసేయాలి. గోటితో గీకొద్దు.

ఈ మూడింటికీ లక్ష రూపాయలు అక్కర్లేదు. కాస్త ఓపిక, రెండు మంచి గుడ్డలు చాలు.

ఒక బానెట్ కథ

హిందూపురంలో నా ఫ్రెండ్ ఒకడు సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. ‘ఆఫర్’ ఉందని ఒక చోట చవగ్గా ఫిల్మ్ వేయించాడు. ఏడాది తిరిగేసరికి తెల్ల కారు పసుపు నీళ్లతో కడిగినట్టు తయారైంది. వాడికి వేసింది టీపీయూ కాదు, పీవీసీ. పీవీసీ చవక. కానీ ఎండకు పసుపెక్కుతుంది, గట్టిపడి పగులుతుంది. గీతలు మానే గుణం కూడా దానికి ఉండదు.

సరే తీసేద్దామని పీకారు. బానెట్ మీద ఫిల్మ్‌తోపాటు రంగు కూడా పెచ్చులుగా ఊడొచ్చింది. ఎందుకంటే పాత ఓనరు ఆ బానెట్‌ను ఎప్పుడో బయట రీపెయింట్ చేయించాడు. ఫ్యాక్టరీ పెయింట్ వేడి ఓవెన్లో కాలి గట్టిపడుతుంది. సరిగా పట్టు లేని రీపెయింట్ జిగురు లాగితే లేచి వస్తుంది. కొత్త సంబంధం చూడబోతున్న సమయంలో కారు అలా తయారైతే వాడి మొహం చూడాలి!

అందుకే సెకండ్ హ్యాండ్ కారైతే ముందు పెయింట్ మందం కొలిచే మీటరు పెట్టి చూడమని అడగండి. ఏ ప్యానెల్ దగ్గరైనా అంకె బాగా ఎక్కువ చూపిస్తే అక్కడ రీపెయింట్ పడిందని అర్థం.

వేయించే ముందు ఇవి అడగండి

మొదట, టీపీయూనా, పీవీసీనా? బాక్సు మీద పేరు, రోల్ నంబరు చూపించమనండి. వారంటీ కార్డు షాపు పేరు మీద కాకుండా ఫిల్మ్ కంపెనీ పేరు మీద ఉండాలి. విదేశీ బ్రాండే కావాలని కూడా లేదు. మహారాష్ట్రకు చెందిన గార్వేర్ హైటెక్ ఫిల్మ్స్ లాంటి కంపెనీలు ఇక్కడే పీపీఎఫ్ తయారుచేస్తున్నాయి.

రెండు, ఎక్కడ కోస్తారు? కారు కొలతల ప్రకారం ముందే కంప్యూటర్‌తో కత్తిరించిన ముక్కలైతే మంచిది. కారు మీదే పరిచి బ్లేడుతో కోసేవాళ్లూ ఉన్నారు. చెయ్యి తిరిగినవాడైతే పర్లేదు. లేదంటే బ్లేడు గాటు పెయింట్ మీదే పడుతుంది. రాయి నుంచి కాపాడబోయి కత్తికి బలైనట్టు!

మూడు, గది ఎలా ఉంది? రోడ్డు పక్కన షెడ్డులో, దుమ్ములో వేస్తే ఆ దుమ్మంతా ఫిల్మ్ కింద శాశ్వతంగా ఉండిపోతుంది. మూసిన గది, మంచి లైట్లు తప్పనిసరి. కారు బాగా కడిగి, క్లే బార్‌తో పెయింట్ మీది మురికి తీసి, సబ్బు నీళ్లు చల్లి, ఫిల్మ్ పరిచి, స్క్వీజీతో నీళ్లు బయటికి నెడతారు. ఫుల్ బాడీ అయితే రెండు మూడు రోజుల పని. ‘పొద్దున ఇచ్చి సాయంత్రం తీసుకెళ్లండి’ అంటే అనుమానించండి.

వేశాక చిన్న చిన్న నీటి బుడగలు కనిపిస్తే కంగారు పడొద్దు. కొద్ది రోజుల్లో ఆవిరైపోతాయి. మొదటి వారం కారు కడగకపోవడమే మేలు. ప్రెషర్ వాషర్‌ను అంచుల దగ్గర పెట్టొద్దు, ఫిల్మ్ లేస్తుంది.

ఇన్సూరెన్స్ సంగతీ మర్చిపోవద్దు. యాక్సిడెంట్‌లో బంపర్ మారిస్తే కొత్త బంపర్ వస్తుంది గానీ దాని మీది ఫిల్మ్ ఖర్చు చాలాసార్లు మన నెత్తినే పడుతుంది. పాలసీలో చేర్చే వీలుందేమో ముందే అడగండి.

ఇంకో మాట. ఇది రంగు మీద వేసే పారదర్శక ఫిల్మ్. అద్దాలకు వేసే నల్ల ఫిల్మ్ సంగతి వేరు. దాని మీద సుప్రీంకోర్టు 2012లోనే గట్టి తీర్పు ఇచ్చింది. పీపీఎఫ్‌తోపాటు అద్దాలకూ ‘ఫ్రీ’ అని వేయించుకుని చలానా తెచ్చుకోవద్దు.

ఇంతకీ లెక్క ఎంత తేలింది?

ఫిల్మ్ బ్రాండ్, కారు సైజును బట్టి ఫుల్ బాడీకి సుమారు 70, 80 వేల నుంచి 2 లక్షలు, ఆపైన కూడా చెబుతున్నారు. ముందు భాగానికే అయితే అందులో మూడో వంతు, అటూ ఇటుగా. ఇక ఒక బంపర్‌కో డోర్‌కో బయట రంగు వేయిస్తే నాలుగైదు వేల దగ్గర మొదలవుతుంది.

మామ ముందు కాగితం పెట్టి కూర్చున్నాను. రాళ్లు తగిలేది ఎక్కడ? బానెట్, ముందు బంపర్, అద్దాల వెనక డొప్పలు. గోటి గీతలు పడేది డోర్ హ్యాండిల్ గుంటల్లో. సామాను రాసుకునేది డిక్కీ అంచున. రూఫ్ మీద, డోర్ల పైన రాళ్లు పడేది చాలా తక్కువ. అంటే నూటికి నూరు శాతం కవర్ చేయడానికి పెట్టే డబ్బులో పెద్ద భాగం రాయి రాని చోటుకే పోతోంది.

రోజూ హైవే మీద బెంగళూరు తిరిగేవాళ్లకు, ముదురు రంగు ఖరీదైన కారు ఏడెనిమిదేళ్లు ఉంచుకునేవాళ్లకు ఫుల్ బాడీ న్యాయమే. మూడేళ్లకు కారు మార్చేవాళ్లకు, ఊళ్లోనే తిరిగేవాళ్లకు అక్కర్లేదు. మామ లాంటివాళ్లకు ముందు భాగం చాలు. ఈఎంఐ కట్టడానికి ఇబ్బంది అయ్యేట్టుంటే అదీ వద్దు. రంగు పోతే మళ్లీ వేయించుకోవచ్చు. లోను కిస్తీ తప్పితే సిబిల్ స్కోరుకు పడే మచ్చ అంత తేలిగ్గా పోదు.

చివరిగా మామకు ఇంకో పీపీఎఫ్ గురించి చెప్పాను. రూపాయి ఖర్చు లేనిది. లారీ వెనక దూరం పాటించడం. టైరు విసిరిన రాయి కాస్త దూరం పోయాక కింద పడిపోతుంది. మన స్పీడు రెట్టింపైతే దెబ్బ బలం నాలుగింతలవుతుంది. దగ్గరగా, వేగంగా పోయేవాడికే రాయి గట్టిగా తగిలేది.

మామ చాలాసేపు మాట్లాడలేదు. ‘‘అంటే ఆ రోజు తప్పు రాయిది కాదంటావు’’ అన్నాడు చివరికి.

రెండు వారాల తర్వాత ముందు భాగానికి మాత్రం ఫిల్మ్ వేయించాడు. ఆ మిరియపు గింజ మచ్చ ఇప్పటికీ ఫిల్మ్ కింద కనిపిస్తూనే ఉంది. ‘టచప్ చేయించి, రంగు పూర్తిగా ఆరాక వేయించొచ్చుగా మామా’ అంటే, ‘‘ఉండనీలేప్పా. అది కనపడితేనే కాలు బ్రేకు మీదకి పోతుంది’’ అన్నాడు.

మొన్న మడకశిర రోడ్డులో మళ్లీ కంకర లారీ ఎదురొచ్చింది. మామ స్పీడు తగ్గించాడు. వెనక బైకు కుర్రాడు హారన్ కొట్టి కొట్టి మమ్మల్ని దాటిపోయి, లారీకి అతుక్కున్నాడు. వాడికి హెల్మెట్ కూడా లేదు.

‘‘కారుకైతే ఫిల్మ్ ఉంది...’’ అన్నాడు మామ, వాడి వైపే చూస్తూ.