గెంటివేయబడినవాడు కట్టిన ఊరు

1636 జనవరి. గడ్డకట్టే చలి. మసాచుసెట్స్‌లో సేలం సంఘానికి సేవచేసిన రోజర్ విలియమ్స్‌ను పట్టుకుని ఓడలో ఇంగ్లాండుకు పంపేయాలని అధికారులు నిర్ణయించారు. ముందే కబురందిన ఆయన, భార్యను ఇద్దరు పసిబిడ్డలను ఇంట్లోనే విడిచి మంచులో అడవిదారి పట్టాడు.

ఆయన చేసిన నేరమేమిటి? ఈ భూమి స్థానిక ఇండియన్లది, వారి దగ్గర కొనకుండా ఇంగ్లాండు రాజు పట్టా ఇస్తే చెల్లదన్నాడు. దేవుణ్ణి ఎలా ఆరాధించాలన్న విషయంలో మనిషిని శిక్షించే అధికారం ప్రభుత్వానికి లేదన్నాడు. అందుకే 1635 అక్టోబరులో బహిష్కరణ విధించారు. విధించినవారు అవిశ్వాసులు కారు. తమ విశ్వాసం కోసం సముద్రం దాటి వచ్చిన ప్యూరిటన్లే!

ఆ చలికాలంలో ఆయనను కాపాడింది వాంపనోయాగ్ తెగ నాయకుడు మస్సాసొయిట్. తర్వాత నర్రగాన్సెట్ పెద్దలు కనానికస్, మియాంటోనోమి స్థలమిచ్చారు. శ్రమలో దేవుడు చూపిన కృపకు గుర్తుగా విలియమ్స్ ఆ ఊరికి ‘ప్రావిడెన్స్’, అంటే దైవసంరక్షణ, అని పేరుపెట్టాడు. రోడ్ ఐలాండ్ రాష్ట్రానికి అదే నాంది. అమెరికాలో మొదటి బాప్తిస్టు సంఘం 1638లో అక్కడే ఏర్పడింది. తర్వాతి కాలంలో నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలకు సువార్త తెచ్చిన అమెరికన్ బాప్తిస్టు మిషనరీలు ఆ సంప్రదాయంలోని వారే.

కోతకాలం వరకు గోధుమలను, గురుగులను కలిసి పెరగనివ్వమన్న ప్రభువు ఉపమానాన్ని (మత్తయి 13) ఆధారం చేసుకుని విలియమ్స్ 1644లో ఒక గ్రంథం రాశాడు. దాన్ని ఆచరించి చూపాడు కూడా. బోస్టన్‌లో 1660లో మేరీ డయ్యర్ అనే క్వేకర్ స్త్రీని ఉరితీశారు. రోడ్ ఐలాండ్ మాత్రం క్వేకర్లకు చోటిచ్చింది. వారి బోధ ఆయనకు నచ్చిందా? బొత్తిగా లేదు. 1672లో, డెబ్బై ఏళ్ళకు దగ్గరపడిన వయసులో, పగలంతా పడవ తెడ్డు వేసుకుంటూ న్యూపోర్టు వెళ్ళి వారితో రోజులపాటు వాదించాడు. ఘాటుగానే వాదించాడు. కానీ వారిని ఊరినుంచి వెళ్ళగొట్టమని అడగలేదు.

ఆయన మచ్చలేనివాడేం కాదు. 1676లో ఇండియన్లతో జరిగిన యుద్ధంలో ప్రావిడెన్స్ తగలబడింది. పట్టుబడిన ఇండియన్లను వెట్టిచాకిరికి అమ్మించిన కమిటీలో ఆయనా ఉన్నాడు. తనకు ఆశ్రయమిచ్చిన జనానికి ఆయన చేసిన ఈ అన్యాయాన్ని మనం దాచకూడదు.

వేలెత్తి చూపడానికి మాకూ అర్హత లేదు. బాప్తిస్మం విషయంలో మాతో ఏకీభవించని ఒక కుటుంబాన్ని మేమూ కొన్నేళ్ళు సహవాసానికి దూరంగా ఉంచాం. సత్యం కోసమే అనుకున్నాం. వారి ఇంట్లో జబ్బుపడినవారిని చూడటానికి కూడా వెళ్ళలేదు. సత్యం కోసం వాదించడం వేరు, తలుపు మూసేయడం వేరని ఆలస్యంగా తెలుసుకున్నాం.

విలియమ్స్‌పై విధించిన బహిష్కరణను మసాచుసెట్స్ శాసనసభ 1936లో రద్దుచేసింది. మూడువందల ఏళ్ళు పట్టింది! మనకు అంత ఆయుష్షు లేదు. మనం మూసిన తలుపు ఏదైనా ఉంటే, ఈ ఆదివారమే వెళ్ళి తెరుద్దాం.